పురిటికొచ్చిన పక్షులు

తేలినీలాపురం మా అమ్మ పుట్టిన ఊరు. శ్రీకాకుళం జిల్లాలో టెక్కలికి దగ్గర్లో, నౌపడ ఉప్పు మడుల పక్కన ఉంటుంది. పక్షుల ఊరంటే ఇప్పుడు చాలామందికి తెలుసు. శీతాకాలం వస్తే పేపర్లలో ఫొటోలు వేస్తారు, అటవీశాఖ వాళ్లు బోర్డు పెట్టారు, ఎక్కి చూడ్డానికి టవర్ కట్టారు. మా చిన్నప్పుడు అలాంటివేవీ లేవు. చెట్ల మీద పక్షులుండేవి, చెట్ల కింద మనుషులుండేవారు. అది వింత అని ఎవరూ అనుకునేవారు కాదు.

ఈమధ్య ఎవరితో మాట్లాడినా పల్లెల గురించి ఒకటే మాట. కుర్రాళ్లంతా హైదరాబాదు, చెన్నై, చేపల వేటకి గుజరాత్‌లోని వేరావల్ పోయారు, పొలాలు బీడు పడ్డాయి, పిచ్చుక కూడా కనబడట్లేదు, ఇంకేముంది ఊళ్లలో అంటారు. అందులో అబద్ధం లేదు. కానీ అమ్మమ్మగారి ఊరు వెళ్లొచ్చిన ప్రతిసారీ నాకు గుండె నిబ్బరంగా ఉంటుంది. ఎందుకుంటుందో ఒకసారి కుదురుగా కూర్చుని రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

నాన్న ఉద్యోగం విజయనగరంలో. దసరా సెలవులిచ్చారంటే అమ్మ, అన్నయ్య, నేను పొద్దున్నే పాసింజరు ఎక్కేవాళ్లం. చీపురుపల్లి, పొందూరు, ఆమదాలవలస, తిలారు, కోటబొమ్మాళి... స్టేషన్ల పేర్లన్నీ నాకు ఎక్కాల కంటే బాగా వచ్చేవి. నౌపడలో దిగేసరికి గుణుపూరు వెళ్లే చిన్న రైలు పక్కన నిలబడి ఉండేది. పర్లాకిమిడి రాజావారు వేయించిన నేరోగేజ్ లైను అది. 1900లో పర్లాకిమిడి దాకా మొదలై, తర్వాత గుణుపూరు దాకా పెరిగింది. 2004లో దాన్ని ఆపేసి పెద్ద లైను వేశారు. ఆ బుల్లి పెట్టెల్ని చూడగానే అమ్మ ముఖం మారిపోయేది. అప్పటిదాకా మాకు అమ్మ, అక్కణ్నుంచి ఆవిడ ఎవరికో కూతురు.

తాత బండి కట్టుకుని వచ్చేవాడు. దారి పొడవునా ఉప్పు రాశులు, వాన తడవకుండా వాటి మీద తాటాకులు కప్పి ఉండేవి. ఊరు దగ్గరపడుతుంటే ముందు వాసన తగిలేది. పచ్చి చేపల వాసన, పక్షుల రెట్టల వాసన కలిసిన ఘాటు. కొత్తవాళ్లు ముక్కు మూసుకునేవారు. అమ్మ మాత్రం గట్టిగా పీల్చి, "వచ్చేసినట్టున్నాయి నాన్నా!" అనేది. "నీకన్నా ముందే వచ్చీసినాయి. పురుళ్లు కూడా పోసీసుకుంటన్నాయి" అనేవాడు తాత.

పురుళ్లు అన్న మాట ఊళ్లో అందరూ అనేదే. ఆ పక్షులు వచ్చేది గుడ్లు పెట్టి పిల్లల్ని లేపుకోడానికి. సెప్టెంబరు, అక్టోబరుల్లో వచ్చి, పిల్లలకు రెక్కలొచ్చాక మార్చి, ఏప్రిల్ కల్లా వెళ్లిపోతాయి. ఆడపిల్ల పురిటికి పుట్టింటికి రావడం, బిడ్డనెత్తుకుని అత్తారింటికి వెళ్లడం ఎలాగో ఇదీ అలాగే అని అక్కడి లెక్క. అందుకే వాటిని కొట్టకూడదు, తోలకూడదు, కూరొండుకోకూడదు. ఇది ఏ చట్టం వచ్చాకో పుట్టిన నియమం కాదు. వన్యప్రాణి రక్షణ చట్టం 1972లో వచ్చింది. అమ్మమ్మకి వాళ్ల అత్తగారు చెప్పింది అంతకు చాలా ముందు.

ఎక్కువగా రెండు రకాలొస్తాయి. ఒకటి గూడబాతు, అంటే పెలికాన్. బూడిద కలిసిన తెలుపు రంగు, చెయ్యంత ముక్కు, ముక్కు కింద వేలాడే సంచి. రెక్కలు విప్పితే ఈ కొస నుంచి ఆ కొసకి మంచం పొడవు దాటిపోతుంది. రెండోది రంగు కొంగ, పేపర్లో పెయింటెడ్ స్టార్క్ అని రాస్తారు. పసుపు ముక్కు, నారింజ ముఖం, తోక దగ్గర గులాబీ ఈకలు. వీటిని సైబీరియా పక్షులని మా వైపు అందరూ అంటారు, పేపర్లూ అలాగే రాస్తాయి. నిజానికి ఇవి మన పక్షులే. గూడబాతు గూళ్లు కట్టేది మన దేశంలో, శ్రీలంకలో, కంబోడియాలో. నీళ్లూ చేపలూ ఎక్కడుంటే అక్కడికి తిరుగుతూ, పిల్లల్ని పెట్టే కాలానికి నమ్మకమున్న చెట్ల దగ్గరికి చేరతాయి. ఈ సంగతి తెలిశాక నాకు వాటి మీద ఇష్టం ఇంకా పెరిగింది. ఎక్కడో మంచు దేశం నుంచి దారి తప్పి వచ్చిన చుట్టాలు కావివి. ఇంటి ఆడపడుచులని అమ్మమ్మ అన్నమాటే నిజమైంది.

అమ్మమ్మ వాళ్ల పెరట్లో పెద్ద చింతచెట్టు ఉండేది. ముగ్గురు పిల్లలం చేతులు పట్టుకుని చుట్టూ నిలబడినా అందేది కాదు. దాని నిండా గూళ్లే. ఆ ఆరు నెలలూ పెరట్లో బట్టలారెయ్యడానికి లేదు, వడియాలు పెట్టడానికి లేదు, మంచం వేసుకోవడానికి లేదు. నేలంతా సున్నం కొట్టినట్టు తెల్లగా ఉండేది. నూతికి వెళ్లాలంటే అమ్మమ్మ నెత్తిమీద చాట పెట్టుకుని గబగబా పోయేది. ఎన్నడూ విసుక్కోలేదు. రెట్టలు కలిసిన చెరువు నీళ్లు పారే మడికి ఎరువు తక్కువ పడుతుందని తాత అనేవాడు. మా ఊళ్లో పంటలు బాగుండేవి కాబట్టి ఎవరూ కాదనేవారు కాదు.

ఆ చెట్టుకి ఒక కథ ఉంది. ఎనభైల మొదట్లో చిన్నపిన్నికి సంబంధం కుదిరింది. డబ్బు చాల్లేదు. కలప వ్యాపారి ఒకాయన వచ్చి చింతమాను చుట్టూ తిరిగి, కొలిచి, మంచి ధరే చెప్పాడు. తాత సగం ఒప్పుకున్నాడు. ఆ రాత్రి అమ్మమ్మ అన్నం వడ్డిస్తూ అన్నమాట మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. "ఓ పిల్లని అత్తోరింటికి అంపడానికి, పురిటికొచ్చిన పిల్లల్ని ఎల్లగొట్టీమంటావేటి?" తాత మాట్లాడకుండా అన్నం తిని లేచిపోయాడట. పొద్దున్నే ఆ వ్యాపారికి కబురంపాడు, అమ్మట్లేదని. పాడిగేదెల్ని అమ్మి, మిగతాది వడ్డీకి తెచ్చి పెళ్లి చేశాడు. ఆ అప్పు తీర్చడానికి చాలా ఏళ్లు పట్టింది. చిన్నపిన్ని ఇప్పటికీ ఈ కథ చెప్పేటప్పుడు ఏడుస్తుంది. తన పెళ్లి గేదెలు పెట్టి చేశారని బాధ కాదు. తన పెళ్లికి మంగళవాయిద్యాలతో పాటు పక్షిపిల్లల అరుపులు కూడా ఉన్నాయని, అది తనకి దక్కిన దీవెన అని అంటుంది.

దీపావళికి మాకు టపాకాయలు లేవు. మతాబులు, కాకరపువ్వొత్తులు, గోగు కర్రలకు నూనె గుడ్డలు చుట్టి వెలిగించుకునే దివ్వెలు, అంతే. విజయనగరంలో స్నేహితులు ఆటంబాంబుల గురించి చెబుతుంటే నాకు ఉక్రోషం వచ్చేది. అన్నయ్య ఒకసారి అడిగాడు కూడా, ఒక్కటి కాలిస్తే ఏమవుతుందని. తాత వాడిని చెట్టు కిందకి తీసుకెళ్లి, చప్పట్లు గట్టిగా ఒక్కసారి కొట్టి చూపించాడు. పై కొమ్మల్లో పెద్ద పక్షులు ఒక్కసారిగా లేచాయి, గూట్లో పిల్లలు అటూ ఇటూ దొర్లాయి. "సప్పట్లకే ఇలాగుంటే బాంబుకేటవుద్ది?" అన్నాడు. తర్వాత మేమెవరం అడగలేదు.

ఊరి చెట్లు ఒక్కటే ఉంటే పక్షులు రావు. తిండి కావాలి. నౌపడ తంపర, భావనపాడు వైపు ఉప్పుటేర్లు, ఊరూరా చెరువులు, గెడ్డలనే వాగులు, వీటి మీదే వాటి బతుకు. తంపర అంటే మా వైపు ఏడాదిలో ఎక్కువ కాలం నీళ్లు నిలిచి ఉండే పల్లపు నేల. సోంపేట వైపు బీల అంటారు. కాగితాల మీద అది పనికిరాని భూమి. దాని మీద చేపలు పట్టుకునేవాళ్లు, గడ్డి కోసుకునేవాళ్లు, పశువుల్ని మేపుకునేవాళ్లు, వరి వేసుకునేవాళ్లు ఎన్ని వేలమందో. 2010 జులైలో సోంపేట బీలలో థర్మల్ ప్లాంటు వద్దని జనం అడ్డుపడ్డారు, పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. 2011 ఫిబ్రవరిలో మాకు దగ్గర్లోనే, కాకరాపల్లి ప్లాంటు గొడవలో వడ్డితాండ్ర దగ్గర మళ్లీ కాల్పులు, మళ్లీ ప్రాణాలు. సోంపేటలో ప్లాంటు రాలేదు, బీల మిగిలింది. ఆ రైతులు, మత్స్యకారులు పోరాడింది తమ పొట్టకూటి కోసమే. కానీ ఆ నీళ్ల మీద ఇవాళ కొంగ వాలుతోందంటే వాళ్ల పుణ్యమే. పక్షుల గురించి మాట్లాడేటప్పుడు ఆ పోయినవాళ్లను తలుచుకోకుండా నేను ఉండలేను.

ఇక తిత్లీ తుపాను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. గంటకు 140, 150 కిలోమీటర్ల గాలి. ఫైలిన్ చూశాం, హుద్‌హుద్ చూశాం, కానీ ఫైలిన్ గోపాలపూర్ దగ్గర, హుద్‌హుద్ విశాఖ దగ్గర దాటాయి. ఇది నేరుగా మా మీదకే వచ్చింది. ఉద్దానం కొబ్బరి, జీడి తోటలు రాత్రికి రాత్రి నేలమట్టమయ్యాయి. కరెంటు లేదు, ఫోన్లు లేవు. అప్పటికి తాతా అమ్మమ్మా లేరు, ఇంట్లో పెదమావయ్య, అత్త ఉన్నారు. వాళ్ల సంగతి తెలియక అమ్మ టెన్షన్‌తో అన్నం ముట్టలేదు. చివరికి మావయ్య టెక్కలి వచ్చి ఎవరి ఫోన్‌లోంచో మాట్లాడాడు. "మేం బానే ఉన్నాం. ఇంటి మీద రేకులు పోనాయి, మరేటీ కాలేదు" అని, కాసేపు ఆగి, "సింతమాను పోయిందే" అన్నాడు. అమ్మ ఫోన్ నాకు ఇచ్చేసి గదిలోకి వెళ్లిపోయింది.

దారులు తెరిచాక నేను వెళ్లాను. పెరట్లో అంత పెద్ద మాను వేళ్లతో సహా పెళ్లగించుకుని నూతి మీదుగా పడి ఉంది. తాత అమ్మనన్న చెట్టుని గాలి తీసుకుపోయింది. అప్పుడే వచ్చి గూళ్లు కట్టుకుంటున్న పక్షులు కొన్ని చనిపోయాయి. మిగిలినవి చెరువు గట్టున మొండి తాటిచెట్ల మీద, కరెంటు లేని స్తంభాల మీద, ఇళ్ల మీద కూర్చుని ఉన్నాయి. చెట్లు లేని ఆకాశం చూస్తే ఊరు ఊరిలా లేదు. ఇంక రావు, ఈ ఏడాదితో అయిపోయిందనిపించింది నాకు.

మావయ్య మాత్రం ఆ వారంలోనే మొక్కల గురించి మాట్లాడుతున్నాడు. చింతమొక్క వేద్దామని నేనంటే తల అడ్డంగా ఊపాడు. "సింత ఎదిగీసరికి నాను పోతాను. నల్లతుమ్మ ఎయ్యాల. బేగి ఎదుగుద్ది. ముల్లున్నా కొంగకేటి బాధ? పిల్లీ పామూ కూడా ఎక్కడానికి జడుస్తాయి." చెరువు గట్టున తుమ్మలు, ఇంటి దగ్గర గంగరావి కొమ్మలు నాటాడు. పడిపోయిన మానుని కోయించి అమ్మిన డబ్బులోంచే మొక్కలకి ముళ్లకంచె కట్టించాడు. ఊళ్లో ఇంకా చాలామంది ఎవరికి తోచిన మొక్క వాళ్లు వేశారు. తుపానులో సగం ఇల్లు పోయినవాళ్లు, పరిహారం కోసం తిరుగుతున్నవాళ్లు, ఆ మధ్యలోనే పక్షులకి చెట్లు నాటుతున్నారు. దాన్ని ఎవరూ గొప్పగా చెప్పుకోలేదు. అది నేను కళ్లారా చూశాను కాబట్టే, పల్లెల్లో ఇంకేముందని ఎవరైనా అంటే నాకు నోరూరుకోదు.

మరుసటి ఏడు దసరాకి మావయ్య ఫోన్ చేసి రెండే మాటలన్నాడు. "వచ్చీసినాయి. రా."

పెద్ద చెట్లు తగ్గిపోవడంతో అవి మిగిలిన చిన్న చెట్ల మీదకి దిగాయి. గాలికి కొమ్మలు విరిగి మళ్లీ చిగుర్చిన చెట్ల మీద, పొట్టి తుమ్మల మీద గూళ్లు కట్టాయి. చిన్నప్పుడు మెడ నొప్పెట్టేలా పైకి చూసినవాడిని, ఇప్పుడు మావయ్య డాబా మీద కూర్చుంటే గూట్లోకి నేరుగా కనబడుతోంది. అత్త ఇచ్చిన టీ గ్లాసు పట్టుకుని నేను గంటలకొద్దీ అక్కడే ఉండిపోయాను.

గూడబాతు పిల్ల మొదట్లో ఒంటిమీద ఒక్క ఈక లేకుండా ఎర్రగా, మడతలు మడతలుగా ఉంటుంది. కొన్నాళ్లకి తెల్లటి నూగు వస్తుంది. తల్లి వాలగానే పిల్లలు మూడూ కలిసి అరుస్తూ మీద పడతాయి. తల్లి ముక్కు తెరుస్తుంది. పిల్ల తన తల, మెడ మొత్తం ఆ సంచిలోకి దూర్చేస్తుంది. బయటికి భుజాలు, కాళ్లు మాత్రమే కనిపిస్తాయి. తల్లి గొంతు బయటనుంచి అటూ ఇటూ కదులుతుంటుంది, లోపల పిల్ల చేపల కోసం తవ్వుతున్నట్టుగా. మింగలేక మింగలేక తల బయటికి తీస్తుంది. ఒక పిల్ల అయితే తిన్న తర్వాత ఒక పక్కకి ఒరిగి, రెక్క గూటికేసి కొట్టుకుంటూ గిరగిరా తిరిగి, తల వాల్చేసి కదలకుండా పడిపోయింది. చచ్చిపోయిందని నేను లేచి నిలబడ్డాను. "కూకో. అలాగే సేస్తాయి. మారాం" అంది అత్త, బియ్యంలో రాళ్లేరుతూ తలెత్తకుండా. కాసేపటికి అది లేచి, మళ్లీ నోరు తెరిచింది.

మధ్యాహ్నం ఎండ ముదిరాక రంగు కొంగల దగ్గర ఇంకొకటి చూశాను. తల్లో తండ్రో, ఏదో ఒకటి గూటి అంచున నిలబడి, సూర్యుడి వైపు వీపు పెట్టి, రెక్కలు రెండూ విప్పి పట్టుకుంది. పిల్లలు ఆ నీడలో ముడుచుకున్నాయి. ఎండ జరిగే కొద్దీ అదీ కొంచెం కొంచెం జరిగింది. ఎంతసేపు అలా నిలబడిందో. రెక్కలు వణుకుతున్నాయి, దించలేదు. మా అమ్మమ్మ నెత్తిమీద చాట పెట్టుకుని నూతికి వెళ్లడం గుర్తొచ్చి నాకు కళ్లు చెమ్మగిల్లాయి.

కష్టాలు అక్కడితో ఆగలేదు. 2021 డిసెంబరు చివర్లో గూడబాతులు చెట్ల మీద నుంచి రాలిపోవడం మొదలుపెట్టాయి. వందకు పైగా చనిపోయాయి. కరోనా భయం ఇంకా పోని రోజులు, బర్డ్ ఫ్లూ అని పుకార్లు. పశువైద్యులు పరీక్షలు చేసి, చేపల ద్వారా కడుపులోకి చేరిన నులిపురుగుల వల్లని తేల్చారు. మావయ్య ఆ రోజుల్లో ఫోన్‌లో ఎక్కువ మాట్లాడేవాడు కాదు. అటవీశాఖ వాళ్లతో కలిసి కుర్రాళ్లు మూతులకి గుడ్డలు కట్టుకుని చచ్చిన పక్షుల్ని ఏరి పూడ్చారు. తల్లి పోయిన గూళ్లలో పిల్లలు అరుస్తుంటే రాత్రుళ్లు నిద్ర పట్టట్లేదని అత్త చెప్పింది. అక్కడ పురిటిలో బిడ్డ పోయిన ఇంటికి వెళ్లి ఎలా కూర్చుంటారో, అలా ఊరంతా ఆ చెట్ల కింద కూర్చున్నారు. అయినా మళ్లీ కాలం వచ్చేసరికి పక్షులు వచ్చాయి. తర్వాత కూడా వస్తూనే ఉన్నాయి.

ఒకసారి ఖాళీ అయిన ఊరు మళ్లీ నిండుతుందని గ్యారంటీ లేదు. పశ్చిమ గోదావరిలో, కొల్లేరు వైపు ఇలాంటిదే పెద్ద గూడబాతుల కాలనీ ఒకటుండేది. 1946లో కె.కె. నీలకంఠన్ అనే పక్షుల పరిశీలకుడు దాన్ని చూసి లోకానికి చెప్పాడు. వేలల్లో ఉండేవట. 1970ల నాటికి అక్కడ ఒక్క గూడూ మిగల్లేదు. అక్కడి చెట్లూ, చెరువులూ, మనుషులూ ఏదో ఒక చోట మారిపోయి ఉంటారు. అందుకే మా ఊరికి అవి ఏటా రావడం నాకు మామూలు విషయం అనిపించదు. మావయ్యలాంటివాళ్లు ఏటా ఏదో ఒకటి వదులుకుంటేనే అది జరుగుతోంది. చింతపండు పంట, పెరడు, టపాకాయలు, ఒక్కోసారి పెళ్లి ఖర్చుకి వచ్చే డబ్బు.

జిల్లాలో ఈ ఊరొక్కటే కాదు. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచిలో చిల్లుముక్కు కొంగలు దిగుతాయి. ముక్కు మూసినా మధ్యలో సందు ఉంటుంది, దాంతో నత్తల్ని ఒడుపుగా పట్టి గుల్లలోంచి మాంసం లాగేస్తాయి. అవి తొలకరికి వస్తాయి, అవి దిగితే వానలు బాగుంటాయని అక్కడివాళ్ల నమ్మకం. సముద్రం ఒడ్డున జనవరి నుంచి తాబేళ్లు ఇసుకలోకి ఎక్కి ఒక్కొక్కటి వంద దాకా గుడ్లు పెడతాయి. మా చిన్నప్పుడు ఆ గుడ్లు తవ్వుకుని తినేవాళ్లని నేనే చూశాను. ఇప్పుడు అదే పేటల కుర్రాళ్లు రాత్రుళ్లు టార్చిలు పట్టుకుని తిరిగి, గుడ్లను జాగ్రత్తగా హేచరీలకు చేర్చి, నెలన్నర, రెండు నెలలు కాపు కాసి, పిల్లల్ని సముద్రంలో వదులుతున్నారు. భావనపాడు ఒడ్డున ఒకసారి చూశాను. అరచేతిలో సగం లేని తాబేలు పిల్ల, కెరటం తిప్పికొట్టిన ప్రతిసారీ మళ్లీ నీళ్లవైపే నడిచింది. పక్కన ఒక పెద్దాయన, జీవితమంతా వలేసి బతికినవాడు, "ఎల్లమ్మా ఎల్లు" అంటున్నాడు.

నెమళ్లు మా చిన్నప్పుడు ఊళ్లో లేవు. ఇప్పుడు పొద్దున్నే కళ్లాల్లో తిరుగుతున్నాయి. అవి చూడ్డానికి బాగుంటాయి గానీ పెసర, మినుము వేసినవాళ్లకి నష్టమే, ఆ బాధా నిజమే. ఉద్దానంలో ఎలుగుబంట్లు తోటల్లోకి వచ్చేస్తాయి. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు వైపు ఎలుగు దాడిలో ఒక మనిషి చనిపోయాడు, మరికొందరికి గాయాలయ్యాయి, పట్టుకున్న ఆ ఎలుగూ బతకలేదు. ఆ ఇంటివాళ్ల దగ్గర నిలబడి వన్యప్రాణులు తిరిగొస్తున్నాయి, సంతోషించండని చెప్పగలమా? చెప్పలేం. జీడితోటకి తెల్లవారుజామున ఒంటరిగా వెళ్లక తప్పని ఆడవాళ్లకి రక్షణ ఏర్పాటు ముందు జరగాలి. అది జరిగితేనే ఎలుగు కూడా బతుకుతుంది.

మూలపేటలో పోర్టు కడుతున్నారు. 2023లో శంకుస్థాపన జరిగింది. పోర్టు వస్తే వేరావల్ పోయిన మా కుర్రాళ్లు ఇంటిపట్టున ఉంటారని మావయ్యకి ఆశ. నాకూ ఉంది. లారీలు పెరుగుతాయి, తంపర పూడ్చేస్తారేమోనన్న దిగులూ ఇద్దరికీ ఉంది. పోయినసారి ఈ మాట వచ్చినప్పుడు, నీళ్లుండే నేల ఎంత, గెడ్డలు ఎటు పారతాయి అన్నది ఊళ్లో చదువుకున్న పిల్లలు కాగితం మీద గీసి పెట్టుకోవడం మొదలెట్టారని చెప్పాడు. వాళ్లలో ఒకమ్మాయి మా అత్త తరఫు చుట్టమే, డిగ్రీ చదువుతోంది. ఎక్కడ ఏ గూడు ఉందో, ఏ చెట్టు ఎవరిదో కూడా రాస్తోందట. మావయ్య నాటిన తుమ్మల మీద ఇప్పుడు గూళ్లున్నాయి. ఆ కాగితంలో ఆయన పేరు కూడా ఎక్కింది. దానికి మటుకు ఆయన బాగా మురిసిపోయాడు.

చూడాలనుకునేవాళ్లు నవంబరు నుంచి ఫిబ్రవరి లోపల రండి, అప్పుడే పిల్లలుంటాయి. నౌపడలో ఆగే రైలు చూసుకుంటే మంచిది, లేదా టెక్కలి దాకా బస్సులో వచ్చి అక్కణ్నుంచి ఆటో. కార్తీకంలో అయితే రావివలస ఎండల మల్లికార్జునుణ్ని కూడా దర్శించుకోవచ్చు. చెట్ల కింద నిలబడతారు కాబట్టి గొడుగో టోపీయో ఉండాలి. హారన్ కొట్టొద్దు, డ్రోన్లు ఎగరెయ్యొద్దు. పిల్ల ఏదైనా కిందపడి కనిపిస్తే సెల్ఫీ కోసం ఎత్తుకోకండి, అటవీశాఖ వాచర్‌కి చెప్పండి, లేదంటే దగ్గర్లో ఏ ఇంటి తలుపైనా తట్టండి. ఏం చెయ్యాలో ఆ ఊళ్లో అందరికీ తెలుసు.